పర్మిషన్ కావాలి సార్

“మళ్లీ మొదటి నుంచి చెప్పు,” అంది ఇన్‌స్పెక్టర్.

స్టవ్వుల మెకానిక్ అప్పటికే రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ అక్షరం పొల్లు పోలేదు. ఆమెకు నచ్చనిదే అది.

“సైకిలు మీద పోతున్నానండి. ఒంటిగంట దాటి ఉంటుంది. రైటర్‌గారి ఇంటి ముందుకొచ్చేసరికి నా చెప్పు తెగిందండి. ఆగి సరిచేసుకుంటుంటే డాబా మీద కేకలు వినపడ్డాయి. తలెత్తి చూస్తే మామా అల్లుళ్లు కలియబడి ఉన్నారు. సదరు అల్లుడు ఆయన్ని పిట్టగోడ మీంచి కిందికి తోసేశాడు. అతణ్ణి మరలా చూసినచో గుర్తుపట్టగలను.”

తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ దగ్గు నటించి నవ్వు మింగేశాడు. ‘సదరు’ అనే మాట పోలీస్ స్టేషన్లలో పుట్టి, కోర్టుల్లో పెరిగి, ఆ రెండింటి మధ్యే తిరుగుతూ ఉంటుంది. సదరు టీ ఎక్కడే అని పెళ్లాన్ని అడిగిన మొగుడు ఇంతవరకు పుట్టలేదు. ఇక ‘చూసినచో’ సంగతి చెప్పనక్కర్లేదు.

“ఎంతవరకు చదువుకున్నావు?”

“ఐదు దాకానండి.”

“సైకిలు తొక్కేవాడికి చెప్పెలా తెగింది?”

“దిగానండి.”

“ఎందుకు దిగావు?”

“చెప్పు తెగిందని.”

“అంటే తొక్కుతుంటేనే తెగింది.”

“కాదండి, దిగాకే...”

“దిగాక తెగితే, దిగింది ఎందుకు?”

మెకానిక్ మొహం తుడుచుకున్నాడు. అంత చిక్కుప్రశ్న తనను ఎవరూ అడగరని అతనికి ఎవరో భరోసా ఇచ్చి పంపినట్టున్నారు.

“ఆ చెప్పులేనా ఇవి?”

“ఇవేనండి.”

“ఎక్కడ తెగిందో చూపించు.”

అతను వంగి చూశాడు. మడమల దగ్గర అరిగిపోయిన తోలుచెప్పులు. వార్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఎక్కడా కుట్టు పడిన జాడ లేదు. వంగినవాడు లేవడానికి చాలాసేపు పట్టింది.

“ఎవరు నేర్పారు నీకు?”

“నేర్పడమేంటండి. చెప్పింది చెప్పినట్టు చెప్తే నాకేం కాదన్నారు...” నాలుక కరుచుకున్నాడు. ఆ తరవాత ఎంత గుచ్చి అడిగినా నోరు విప్పలేదు. ఆమెకంటే ఆ చెప్పినవాళ్లంటేనే అతనికి ఎక్కువ భయమని అర్థమైంది.

స్టేషన్‌లో ఆమెను అందరూ ‘చిన్నసార్’ అంటారు. ఆడమనిషిని సార్ అనడమేమిటని కొత్తగా వచ్చినవాళ్లు తికమక పడతారు. వాళ్ల నాన్న డీఎస్పీగా రిటైరయ్యాడు. ఆయన పెద్దసార్. ఆయన కూతురు అదే శాఖలోకి వచ్చి, అదే స్టేషన్‌లో అదే కుర్చీలో కూర్చుంటే ఇంకేమంటారు. మొదట్లో ఆమె కసురుకునేది. తరవాత ఆ పిలుపులో తండ్రి గౌరవం సగం తనకు దక్కుతోందని తెలిసి ఊరుకుంది. ఇప్పుడైతే అలా పిలవకపోతేనే వెలితిగా ఉంటుంది.

మొన్న డాబా మీంచి పడి చనిపోయిన రిటైర్డ్ రైటర్ కూడా పెద్దసార్ మనిషే. స్టేషన్‌కొచ్చిన ప్రతి గోడునూ కాగితం మీద పెట్టే హెడ్ కానిస్టేబుల్‌ని రైటర్ అంటారు. ఉద్యోగంలో సగకాలం ఆయన పెద్దసార్ చెబుతుంటే రాశాడు. చిన్నప్పుడు చిన్నసార్‌ని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లింది కూడా ఆయనే. అలాంటి మనిషి సిమెంటు గచ్చు మీద పడి ఉండగా చూసి, ఆమె జీపు చాటుకు వెళ్లి ఏడ్చి వచ్చింది.

ఆయన అల్లుడు స్కూలు వ్యాను డ్రైవరు. ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు. ఆ రోజు పొద్దున మామగారితో గట్టిగా పోట్లాడాడని వీధంతా చెప్పింది. మధ్యాహ్నం ఎక్కడున్నావంటే వ్యానులో పడుకున్నానంటాడు. చూసినవాళ్లు లేరు. తోశాడనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి ఈ స్టవ్వుల మెకానిక్. సాయంత్రం కోర్టు లేచేలోపు అల్లుణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రిమాండు కాగితం సిద్ధంగా ఉంది. దాని మీద చిన్నసార్ సంతకం పడితే అతను జైలుకు, పడకపోతే ఇంటికి.

ఆమె మనసంతా ఆ చెప్పు దగ్గరే ఆగిపోయింది.

ఆ కిటుకు ఆమెకు తెలుసు. అన్నం తింటూ తండ్రి ఎన్నిసార్లు చెప్పాడో. “వాంగ్మూలంలో పనికిరాని ముక్క ఒకటి ఉండాలమ్మా. అన్నీ పనికొచ్చేవే ఉంటే జడ్జి నమ్మడు. చెప్పు తెగిందనో, కంట్లో నలక పడిందనో ఒకటి పడెయ్యాలి. జీవితంలో సగం అలాంటివే కదా.” నిజం చెప్పే సాక్షికి ధైర్యం కోసం ఇచ్చే ఊతమని అప్పట్లో ఆమె అనుకునేది. పెద్దసార్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఈ పాఠం వచ్చు. అందులో స్పెషల్ టీమ్ ఇన్‌స్పెక్టర్ ఒకడు. ఈ మెకానిక్‌ని పట్టుకొచ్చింది అతనే.

“నీ పని చెప్తానుండు,” అనుకుంటూ ఆమె టోపీ తీసుకుని లేచింది.

*

రైటర్ ఇల్లు రెండు గదులూ, ఒక వంటగదీ, పైన డాబా. రైటర్ కూతురు తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. తండ్రి పోయాడని ఏడవాలో, మొగుణ్ణి తీసుకుపోయారని ఏడవాలో తెలియని స్థితి ఆమెది.

“మా ఆయన అలాంటివాడు కాదక్కా. నోరు పెద్దది. అంతే.”

“మొన్న పొద్దున దేని గురించి పోట్లాడుకున్నారు?”

“నాన్న కోర్టుకెళ్లి ఏదో చెప్తానన్నారట. పాత సంగతులిప్పుడు కెలకొద్దు మామయ్యా, పోలీసులతో మనకెందుకన్నాడు ఈయన. నాన్నకు కోపమొచ్చింది. నేనూ పోలీసునేరా అని అరిచారు. ఏ సంగతో నాన్న మా ఇద్దరికీ చెప్పలేదు. ఆ తరవాత నేను టైలరింగ్ షాపుకి వెళ్లిపోయాను.”

“పైకెళ్దాం పద.”

డాబా మెట్లకు పోలీసులు కట్టిన తాడు అలాగే ఉంది. పైన ఏమీ కదపలేదని రైటర్ కూతురు ఒట్టేసి చెప్పింది. పిట్టగోడ మోకాలికి కాస్త పైదాకా వస్తుంది. గోడకు నాలుగడుగుల దూరంలో మెత్త వేసిన చెక్కకుర్చీ ఒకటి వీధివైపు తిరిగి ఉంది. ఇంకో మూల ఇనప మడతకుర్చీ గోడకు ఆనించి ఉంది.

“ఈ చెక్కకుర్చీ ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?”

“లేదక్కా. అది ముందుగదిలోది. ఎవరైనా పెద్దవాళ్లొస్తే వేసేది. పైకెందుకు తెచ్చారో నాకూ తెలీదు. నాన్న కూర్చునేది ఆ మడతకుర్చీలో.”

“మీ ఆయన పైకొస్తే?”

“పిట్టగోడ ఎక్కి కూర్చుంటాడు. పడిపోతావురా అని నాన్న తిడుతూనే ఉంటారు.”

చిన్నసార్ రెండు కుర్చీలనూ మార్చి మార్చి చూసింది. మంచి కుర్చీ మోసుకొచ్చి ఎవరినో కూర్చోబెట్టాడు. తన కుర్చీ మాత్రం మడిచి పక్కన పెట్టేశాడు. అంటే తను నిలబడ్డాడు. అల్లుడి ముందు మామ నిలబడడు.

“మధ్యాహ్నం పూట మీ నాన్న ఏ బట్టల్లో ఉంటారు?”

“లుంగీ, బనీను. చొక్కా వేసుకోమని ఎంత పోరినా వినరు.”

గచ్చు మీద రైటర్ పడి ఉన్న తీరు చిన్నసార్‌కు కళ్లకు కట్టింది. పంట్లాం. మెడదాకా గుండీలు పెట్టిన చొక్కా, లోపలికి దోపి, పైన బెల్టు. కాళ్లకు మాత్రం ఏమీ లేవు. బయటికి వెళ్లే మనిషైతే చెప్పులు వేసుకునేవాడు. ఇంట్లోనే ఉంటూ ఎవరికోసమో తయారయ్యాడు. రిటైరై ఇన్నేళ్లయినా ఎవరి ముందు ఆయన బనీనుతో నిలబడడానికి సిగ్గుపడతాడు?

“వచ్చింది ఆఫీసరు,” అంది పైకే.

రైటర్ కూతురు తలెత్తింది. “అక్కా, ఒక మాట. ముందురోజు నాన్న ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే విన్నాను. లేచి నిలబడి మాట్లాడుతున్నారు. ‘పర్మిషన్ కావాలి సార్’ అన్నారు. రిటైరైనవాడికి పర్మిషనేంటో అని మేమిద్దరం నవ్వుకున్నాం కూడా.”

చెప్తూ చెప్తూ ఆమె మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. చిన్నసార్ పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. సాయంత్రానికి మీ ఆయన ఇంటికొస్తాడని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

*

కిందికి దిగేసరికి వాకిట్లో స్పెషల్ టీమ్ జీపు. అందులోంచి దిగినవాణ్ణి శాఖలో అంతా ‘మైకు’ అంటారు. టీవీవాళ్లు మైకు పెడితే చాలు, ఇక వదలమని వాళ్లే బతిమాలుకోవాలి. చిన్నసార్‌తో కలిసి ట్రైనింగయినవాడు. ఆమె కంటే ముందు పైకి వెళ్లాలని అప్పటి నుంచీ తొందర.

“సంతకం పెట్టకుండా ఇక్కడేం చేస్తున్నావు తల్లీ? అవతల మేజిస్ట్రేటు లేచి వెళ్లిపోతాడు.”

“నీ సాక్షికి చెప్పు తెగలేదు,” అంది చిన్నసార్.

“ఏంటి?”

“వార్లు శుభ్రంగా ఉన్నాయి. పాఠం నేర్పేటప్పుడు వాడి కాళ్లవైపు ఒకసారి చూడాల్సింది. ఆ పైన సదరు ఒకటి, చూసినచో ఒకటి. మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్య నా మీదే ప్రయోగిస్తావా? అమాయకుణ్ణి లోపలికి తోసి నువ్వు మైకు ముందు నిలబడతావా?”

మైకు మొహం ఎర్రబడింది. “నోరు జాగ్రత్త. నేనేం నేర్పలేదు.”

“మరి ఐదో తరగతివాడు కోర్టు భాష ఎక్కడ నేర్చుకున్నాడు? గ్యాసు వాసన చూస్తే వచ్చేసిందా?”

“సాక్షుల గురించి నీకు నేను చెప్పాలా? పాలపళ్లు ఊడకముందే బోనెక్కి సాక్ష్యం చెప్పినదానివి.”

అది దెప్పో పొగడ్తో అతనికే తెలియదు. శాఖలో అందరికీ తెలిసిన సంగతే. గోడౌన్ కాపలామనిషిని ఎవరో చంపేస్తే, ఆ హంతకుణ్ణి చూసింది బడికెళ్తున్న చిన్నసార్. ఆమె మాట మీదే శిక్ష పడింది. కోర్టు బయట తండ్రి ఆమెను ఎత్తుకుని భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. పెద్దయ్యాక పోలీసునవుతానని ఆ భుజం మీదే అనుకుంది.

“మాట మార్చకు. వాణ్ణి ఎక్కడ పట్టావు?”

మైకు ఆమెను వింతగా చూశాడు. “నీకు నిజంగానే తెలీదా?”

“తెలిస్తే అడుగుతానా?”

“మీ ఇంట్లో.”

“మా ఇంట్లోనా?” అంది.

“నిన్న పొద్దున గురువుగారు ఫోన్ చేశారు. మా ఇంటికి స్టవ్వు బాగుచెయ్యడానికి వచ్చినవాడు ఏదో చూశాట్ట, భయపడుతున్నాడు, నేనే కాస్త ధైర్యం చెప్పి పంపిస్తున్నా అన్నారు. నీకు చెప్పే ఉంటారనుకున్నా.”

“రైటర్ ఫోన్ వివరాలు తెప్పించావా?”

“తెప్పించా. ముందురోజు చేసింది మీ ఇంటికే. పాత రైటరు పాత ఆఫీసరుకి ఫోన్ చేస్తే వింతేముందని పక్కన పెట్టేశాను.”

ఆమె మెదడులో ఇందాకటి కుర్చీ, బెల్టు, ‘పర్మిషన్ కావాలి సార్’ వరసగా వచ్చి నిలబడ్డాయి. మైకు తెలివితక్కువవాడు కాదు. ఆమె మొహం చూసే చాలావరకు గ్రహించాడు. గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు.

“విను. ఇది ఇక్కడే వదిలెయ్. అల్లుడు పెద్ద మంచివాడేం కాదు, తాగుతాడు. సాక్ష్యం బలంగా లేకపోతే కోర్టే వదిలేస్తుంది. గురువుగారి మీద చెయ్యి పడితే ఆయన పాత కేసులన్నీ తవ్వుతారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లవీ తవ్వుతారు.”

“అంటే నీవి.”

“నీవి కూడా. అల్లుణ్ణి తీసుకుని కోర్టు గేటు దగ్గర ఉంటా. కాగితం పంపించు. చాలు.”

“పంపకపోతే?”

“పంపుతావు. ఎంతైనా ఆయన కూతురివి,” అన్నాడు మైకు. వెక్కిరింత లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

*

పెద్దసార్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. భార్య పోయాక ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లిద్దరే. ఆయన తల ఎత్తకుండానే, “ఇవాళ తొందరగా వచ్చావే,” అన్నాడు.

“స్టవ్వు బాగయిందా నాన్నా?”

“అయింది. మంచి పనివాడు.”

“సాక్షిగా అంత మంచివాడు కాదు. సైకిలు మీద చెప్పు తెగిందన్నాడు.”

పెద్దసార్ కళ్లజోడు పెట్టుకుని కూతుర్ని చూశాడు. నేరస్థుల్ని ఆ చూపుతోనే సగం ఒప్పించేవాడని అంటారు. “సైకిలు సంగతి నాకు చెప్పలేదు వెధవ,” అన్నాడు.

ఎక్కడో ఒక మూల ఆమె ఇంకా ఆశపడుతూనే ఉంది. ఆ ఒక్క మాటతో అది పోయింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“మొన్న మధ్యాహ్నం మీరు రైటర్‌గారి ఇంటికి వెళ్లారా?”

“మీరు అంటున్నావేంటే?”

“అడిగినదానికి చెప్పండి.”

పుట్టి బుద్ధెరిగాక ఆమె తండ్రిని మీరు అనడం అదే మొదటిసారి. ఆయనకు అది తగిలింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“వెళ్లాను.”

“దేనికి?”

“వాడే రమ్మన్నాడు. కాదు, వాడే వస్తానన్నాడు. ఇంట్లో నువ్వుంటావని నేనే వెళ్లాను. పాత కేసు ఒకటి. కోర్టుకెళ్లి నిజం చెప్పేస్తాట్ట. దానికి నా పర్మిషన్ కావాలట.” పెద్దసార్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “పిచ్చివెధవ. చెప్పదలిస్తే వెళ్లి చెప్పేయచ్చుగా. మీకు చెప్పకుండా చెయ్యడం పద్ధతి కాదు కద్సార్ అన్నాడు. జన్మంతా పర్మిషన్ అడిగి బతికినవాడు. ఆ అలవాటే వాడి కొంప ముంచింది.”

“మీరు ఇవ్వనన్నారు.”

“బతిమాలాను. తిట్టాను. ఉద్యోగంలో ఉండగా ఒక్కసారి కూడా ఎదురు చెప్పనివాడు, క్షమించండి సార్, నిద్ర పట్టడం లేదు సార్ అన్నాడు. అదే పాట. ఒళ్లు మండిపోయింది. లేచి గుండె మీద చెయ్యి వేసి నెట్టాను. మామూలు మనిషైతే తప్పుకుంటాడు, తిరగబడతాడు, ఏదైనా పట్టుకుంటాడు. వాడు అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. చేతులు పక్కకు ఆనించి. అలాగే వెనక్కి వెళ్లిపోయాడు.”

చిన్నసార్ కళ్లనిండా నీళ్లు. తుడుచుకోలేదు.

“అల్లుడేం చేశాడు మరి?”

“ఎవరో ఒకరుండాలి కదా,” అన్నాడు తండ్రి, అదేదో సర్దుబాటు సంగతైనట్టు. తరవాత ముందుకు వంగి, ఆమె చిన్నప్పుడు లెక్కలు చెప్పిన గొంతుతో మొదలుపెట్టాడు. “ఇప్పుడు విను. మొన్న మధ్యాహ్నం నువ్వు భోజనానికి ఇంటికొచ్చావు. మనిద్దరం ఈ బల్ల దగ్గరే కూర్చుని తిన్నాం. నువ్వు మంచినీళ్ల గ్లాసు ఒలకబోశావు. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. రేపు ఎవడైనా అడిగితే...”

“నేను వచ్చాను. నా తాళంచెవితో తలుపు తీసుకున్నాను. మీరు లేరు. రెండుసార్లు నాన్నా అని పిలిచి, ఒక్కదాన్నే తిని వెళ్లిపోయాను.”

“అది నీకూ నాకూ తెలుసు. ఇంకెవరికి తెలుసు?”

“ఆ డ్రైవర్‌ని జైల్లో పెట్టి, మీతో కూర్చుని నేను రోజూ అన్నం తినాలా?”

“నీకోసమే చేశానే ఇదంతా.” మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. “వాడు నా పేరు చెప్తే నేను భయపడేవాణ్ణి కాదు. నీ పేరు చెప్తానన్నాడు. ఆ కేసేదో అడగవేం? గోడౌన్ కేసు.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. గోడౌన్ కేసంటే ఆమె కేసు. ఆమె జీవితంలో అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే స్పష్టంగా గుర్తున్నది అదే. గోడౌన్ వెనక తలుపులోంచి వచ్చిన కుర్రవాడు, ఆకుపచ్చ చొక్కా, చేతిలో సగం కొరికిన జామకాయ.

“నేను చూశాను కదా,” అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. “ఆ జామకాయ మీద పంటిగాటు కూడా గుర్తుంది నాకు.”

“జామకాయ నేను పెట్టిందే.”

వంటగదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆయనే మళ్లీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా. “ఆ రోజు నీకు జ్వరం. బడికే వెళ్లలేదు. మందులు తెచ్చిచ్చింది రైటరే. అందుకే వాడికి తెలుసు. కాపలామనిషిని చంపింది ఆ కుర్రవాడేనని నాకు గట్టిగా అనిపించింది. సాక్షి లేడు. నా కేసులో నా కూతురు సాక్షి కాకూడదని కేసు పక్క స్టేషన్‌కి మార్పించాను. పదిరోజులు అన్నం తినేటప్పుడు నీతో ఆడుకున్నాను, ఏం చూశావమ్మా చెప్పు అని. పదోరోజుకు నేను చెప్పనివి కూడా నువ్వే చెప్పడం మొదలుపెట్టావు.”

“ఆ మనిషి?”

“ఇంకా లోపలే ఉన్నాడు. రెండుసార్లు విడుదల దాకా వచ్చి ఆగిపోయింది. ఈమధ్య జైలువాళ్లు నాలుగు రోజులు సెలవిస్తే బయటికొచ్చాట్ట. బస్టాండులో రైటర్ని గుర్తుపట్టి నమస్కారం పెట్టాట్ట. జుట్టంతా తెల్లబడిపోయిందట. అది చూసినప్పటి నుంచి రైటర్‌కు నిద్ర లేదు.” తండ్రి బల్ల మీదుగా చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఆ ఖైదీ బతుకు ఎలాగూ అయిపోయింది. నీది మొదలైంది అక్కడే కదమ్మా. ఈ యూనిఫాం, ఈ పేరు, అన్నీ. దాన్ని నీ చేతులతో కూలదోసుకుంటావా?”

ఆమె అసహ్యించుకోవాలనుకుంది. చేత కాలేదు. ఆయన ఆమెను ప్రేమించాడు. అందులో అబద్ధం లేదు. ఆ ప్రేమతోనే ఒక మనిషిని పాతికేళ్లు గోడల మధ్య కూర్చోబెట్టాడు. ఇంకొకణ్ణి ఇవాళ పంపించబోతున్నాడు. ఆ ప్రేమను తిని పెరిగిన ఒళ్లు తనది.

చెయ్యి విడిపించుకుని ఫోన్ తీసింది.

“ఎక్కడున్నావు?”

“కోర్టు గేటు దగ్గరే,” అన్నాడు మైకు. “సంతకం పెట్టావా?”

“పెట్టను. అల్లుణ్ణి వాళ్లింటి దగ్గర దింపి, నువ్వు మా ఇంటికి రా. వాంగ్మూలం తీసుకోవాలి.”

“కేసు నీది. నువ్వే తీసుకో.”

“నా వాంగ్మూలం నేనెలా తీసుకుంటాను? నేను సాక్షిని. రెండు కేసుల్లో.”

“రెండోదేంటి?” అన్నాడు మైకు. ఆ గొంతు మైకుల ముందు మాట్లాడే గొంతు కాదు.

“గోడౌన్ కేసు. అందులో నేను చెప్పింది అబద్ధం. ఆ మనిషి ఇంకా జైల్లో ఉన్నాడు.”

పెద్దసార్ లేచాడు. తొందరపడలేదు. వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ పెట్టాడు. కిటికీ రెక్కలు దగ్గరికి లాగాడు. తిరిగొచ్చి ఆమె ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు.

“ఫోన్ ఇటివ్వు.”

తండ్రిని చూసి ఆమె భయపడడం కూడా అదే మొదటిసారి. కుర్చీలోంచి లేచి, వీపు గోడకు ఆనించి నిలబడింది. ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

“వచ్చేదాకా ఆగకు. ఇప్పుడే రాసుకో,” అంది మైకుతో. “అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.”